చిరిగిన ఆకు, లేని పద్యం: మా నీటిగుర్రం ప్రాజెక్టు డైరీ

జూలై 6

ఇవాళ ఆదివారం కదా అని ఫైనల్ ఇయర్ జువాలజీ పిల్లలు నలుగురినీ జూకి రమ్మన్నాను. తొమ్మిదింటికే గేటు దగ్గర కలిశాం. పదకొండు దాటితే వైజాగ్ ఉక్కకి జంతువులూ బయట తిరగవు, మనమూ నిలబడలేం. నేరుగా నీటిగుర్రాల దగ్గరికి తీసుకెళ్లి ఒకటే ప్రశ్న అడిగాను: ఇప్పుడు బతికున్న జంతువుల్లో దీనికి అందరికంటే దగ్గరి చుట్టం ఎవరు?

అనకాపల్లి అబ్బాయి వెంటనే పంది అన్నాడు. "మూతి చూడండి మేడమ్, ఆ పొట్ట చూడండి." తప్పు పట్టడానికి లేదు, పళ్లూ పుర్రే చూసి శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం నీటిగుర్రాన్ని పందుల పక్కనే పెట్టారు. గాజువాక అబ్బాయి ఏనుగు అన్నాడు, మనవాళ్లు దాన్ని నీటి ఏనుగు అని కూడా అంటారు కాబట్టి. నేను తిమింగలం అని చెప్పగానే భీమిలి అమ్మాయి "ఏటి మేడమ్, తిమింగలమా?" అని అలాగే ఉండిపోయింది. వాళ్ల నాన్న సముద్రంలో చేపల వేటకి వెళ్తారు. డాల్ఫిన్లు గాలి కోసం పడవ పక్కన పైకి లేవడం చిన్నప్పటి నుంచీ వింటూ, చూస్తూ పెరిగిన పిల్ల, అవి చేపలు కావని తనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఈ బురదలో పడుకున్న దానికి చుట్టం అంటే మనసు ఒప్పుకోలేదు.

కాసేపాగి తనే అడిగింది, "పుస్తకంలో ఉంటే పరీక్షలో రాసేస్తాం మేడమ్. వాళ్లకి ఎలా తెలిసింది?" అని. నాకు కావలసింది ఆ ప్రశ్నే. ఈ ఏడాది ప్రాజెక్టు అదే అని అక్కడే చెప్పేశాను. ఎవరో చెప్పింది నమ్మకుండా, అందరికీ ఉచితంగా దొరికే జీనోమ్‌లు, అంటే ఒక్కో జంతువు డీఎన్ఏ మొత్తం అక్షరాల వరుసగా రాసిన ఫైళ్లు, తీసుకుని మా కళ్లతో మేం చూడాలి.

జూలై 9

క్లాసు అయ్యాక గంటన్నర కూర్చున్నాం. పద్ధతి అర్థం కాకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే బటన్లు నొక్కడమే మిగులుతుంది.

జంతువుల డీఎన్ఏలో ఒకే ముక్క వేలసార్లు, లక్షలసార్లు కనిపిస్తుంది. మనిషి జీనోమ్‌లో దాదాపు సగం ఇలాంటి పునరావృతాలే, అందులో ఆలూ అనే సుమారు 300 అక్షరాల ముక్క ఒక్కటే పది లక్షలకు పైగా కాపీలుంది. ఇలాంటి పొట్టి ముక్కల్ని సైన్‌లు అంటారు. ఇవి ముందు ఆర్‌ఎన్ఏగా కాపీ అయి, ఆ ఆర్‌ఎన్ఏ మళ్లీ డీఎన్ఏగా మారి, జీనోమ్‌లో ఇంకో చోట అతుక్కుంటాయి. ఆ పనికి కావలసిన ఎంజైమ్ కూడా వీటి సొంతం కాదు, లైన్‌లు అనే పొడుగు ముక్కల దగ్గర అరువు తెచ్చుకుంటాయి. అతుక్కునేటప్పుడు డీఎన్ఏ రెండు పోగులూ కాస్త ఎడంగా తెగుతాయి, ఆ ఎడం పూడ్చేసరికి సైన్‌కి రెండు పక్కలా ఒకే చిన్న ముక్క, సాధారణంగా 7 నుంచి 20 అక్షరాల దాకా, రెండుసార్లు వచ్చి కూర్చుంటుంది. అతుక్కున్న సైన్‌ని మళ్లీ ఆనవాలు లేకుండా పీకి, ఆ చోటుని ముందున్నట్టే చేసే ఏర్పాటు కణంలో లేదు.

ఇక్కడిదాకా వినేసరికి అందరి మొహాల్లోనూ అలసట కనిపించింది. అప్పుడు వేమన తాళపత్రాల సంగతి ఎత్తాను. సీపీ బ్రౌన్ ఊరూరా ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్చాడు కదా. ఒక లేఖకుడు రాసుకుంటూ మధ్యలో ఎక్కడిదో ఒక పద్యం చొప్పించాడనుకోండి. దాన్ని చూసి రాసుకున్న ప్రతులన్నిట్లోనూ ఆ పద్యం సరిగ్గా ఆ రెండు పద్యాల మధ్యే ఉంటుంది. సంబంధం లేని ఇంకో లేఖకుడు అదే పద్యాన్ని అదే చోట చొప్పించడం జరగదనే అనుకోవాలి. ఇలా మధ్యలో చొప్పించినదాన్ని ప్రక్షిప్తం అంటారు. అందుకే ఒక ప్రక్షిప్తం రెండు ప్రతుల్లో ఒకే చోట ఉంటే ఆ రెండిటికీ మూలప్రతి ఒకటే. సైన్ కూడా ప్రక్షిప్తమే. అది లేని స్థితి పాతది, ఉన్న స్థితి కొత్తది, దిశ కూడా దానంతట అదే తెలిసిపోతుంది.

మూలప్రతి, ప్రక్షిప్తం అనే మాటలు పిల్లలకి బాగా పట్టాయి. ఇక నుంచి డైరీలో కూడా ఇవే వాడతాను.

ఈ దారి వేసింది జపాన్‌లో నొరిహిరో ఒకాడా బృందం. 1997లో తిమింగలాలు ఆవు, పంది, ఒంటె లాంటి జత గిట్టల జంతువుల కుటుంబం లోపలివేనని, 1999లో బతికున్న వాటిలో వాటికి అందరికంటే దగ్గరిది నీటిగుర్రమేనని ఈ ప్రక్షిప్తాలతోనే చూపించారు. వాళ్లు వాడిన ఒక సైన్ కుటుంబం పేరు సీహెచ్ఆర్. తిమింగలాలు, నీటిగుర్రాలు, నెమరువేసే జంతువులు, ఈ మూడు గుంపుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు అవి. పందిలోనూ ఒంటెలోనూ ఆ కుటుంబం లేదు.

జూలై 13

మొదటి ప్రయత్నం వృథా అయింది, ఎందుకో రాసిపెట్టుకోవాలి. సైన్ వరుసనే తీసుకుని ఆవు జీనోమ్‌లో బ్లాస్ట్ చేశారు, అంటే దానికి పోలిన వరుసలు వెతికే ప్రోగ్రామ్‌కి ఇచ్చారు. వేలకొద్దీ హిట్లు, అంటే పోలికలు, వచ్చాయి, పేజీ కిందికి లాగుతుంటే అంతే లేదు. అవన్నీ నిజమైన హిట్లే, కానీ మనకి పనికిరావు. పద్యం ఎక్కడెక్కడ ఉందో తెలిసింది గానీ, ఏ ప్రతిలోని ఏ చోటు ఇంకో ప్రతిలోని ఏ చోటుకి సమానమో తెలియలేదు.

వెతకాల్సింది పద్యాన్ని కాదు, దాని ముందూ వెనకా ఉన్న పద్యాల్ని. సైన్‌ని వదిలేసి రెండు పక్కలా చెరో 500 అక్షరాలు తీసుకుని మిగతా జంతువుల్లో వెతకమన్నాను. ఆ పక్క ముక్కల్లో కూడా వేరే పునరావృతాలు ఉంటే మళ్లీ అదే గొడవ. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లలో పునరావృతాల్ని ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనూ మిగతాదాన్ని పెద్దబడిలోనూ ఇస్తారు కాబట్టి, చిన్నబడి ఎక్కువగా ఉన్న పక్క ముక్కల్ని కంటితోనే ఏరి పారేశాం.

జంతువులు ఐదు ఖరారు: ఆవు, నీటిగుర్రం, బాటిల్‌నోస్ డాల్ఫిన్, పంది, ఒంటె. డాల్ఫిన్ కూడా పళ్ల తిమింగలమే, అందుకే తిమింగలాల తరఫున దాన్ని పెట్టుకున్నాం.

జూలై 27

రెండు వారాలు కష్టపడ్డారు. ఆవు నుంచి మొదలుపెట్టి 40 చోట్లు ఎంచుకుని వెతికారు. శుభ్రంగా చదవగలిగినవి 22. వాటిలో కొన్ని ఆవులో మాత్రమే ఉన్నాయి. మిగతావన్నీ ఒకే రకం: ఆవులో ఉంది, నీటిగుర్రంలో ఉంది, డాల్ఫిన్‌లో ఉంది, పందిలో లేదు, ఒంటెలో లేదు.

ఇది చూసి నాకు చాలా సంతోషం వేసింది. తిమింగలం ఆవుతో కలిసి ఒక ప్రక్షిప్తం పంచుకుంటోంది, పంది పంచుకోవట్లేదు. ఆవూ పందీ ఒకదానికొకటి దగ్గర, తిమింగలం ఎక్కడో దూరం అనుకునే మన కంటికి ఇది ఎంత విచిత్రమో, స్క్రీన్ మీద ఐదు వరుసలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే అంత స్పష్టం.

కానీ భీమిలి అమ్మాయి సంతోషంగా లేదు. "మేడమ్, డాల్ఫిన్‌లోనూ నీటిగుర్రంలోనూ ఉండి ఆవులో లేనిది ఒక్కటీ రాలేదు" అంది. మిగతా ముగ్గురూ ఇంకో నలభై చూద్దాం అన్నారు. నేనూ ముందు అదే అనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టింది. ఇంకో నాలుగు వందలు చూసినా రాదు. ఆవులో ఉన్న ప్రక్షిప్తాల నుంచే మొదలుపెట్టాం కదా, ఆవులో లేనిది మా జాబితాలోకి ఎలా వస్తుంది?

మేం ఏ ఇంట్లో నిలబడి వెతుకుతున్నామో ఆ ఇంటి చుట్టాలే కనిపిస్తారు. రాత్రే వాట్సాప్‌లో పెట్టాను, రేపటి నుంచి డాల్ఫిన్ నుంచి మొదలుపెట్టండి అని. పది నిమిషాల్లో ఆ అమ్మాయి నుంచే జవాబు: డాల్ఫిన్ నుంచి మొదలుపెడితే ఆవూ నీటిగుర్రమూ కలిసి డాల్ఫిన్‌ని వదిలేసినవి కనిపించవు కదా మేడమ్, అప్పుడు మనకి కావలసిన జవాబు వైపే మొగ్గినట్టు కాదా అని. నిజమే. ఆవు, డాల్ఫిన్, నీటిగుర్రం, మూడు ఇళ్ల నుంచీ వెతకాలి. పని మూడింతలు అయింది, వేరే దారి లేదు. ఈ పద్ధతి మొదలుపెట్టే ఎవరికైనా నేను ముందుగా చెప్పే జాగ్రత్త ఇదే.

ఆగస్టు 10

ఈ వారం పెద్ద టెన్షన్. నీటిగుర్రం నుంచి మొదలుపెట్టిన జాబితాలో అనకాపల్లి అబ్బాయికి ఒకటి దొరికింది: ఆవులో ఉంది, నీటిగుర్రంలో ఉంది, డాల్ఫిన్‌లో లేదు. అది నిజమైతే మా కథకి ఎదురుసాక్ష్యం. అబ్బాయి దాన్ని దాచకుండా ఎర్ర రంగు పూసి మరీ పంపాడు, అది నాకు నచ్చింది.

డాల్ఫిన్ వరుస పూర్తిగా తెరిపించాను. ఎడమ పక్క ముక్క ఉంది. ఆ తర్వాత వరసగా ఎన్, ఎన్, ఎన్ అని మూడు వందలకు పైగా. కుడి పక్క ముక్క ఆ తర్వాత మొదలైంది. ఎన్ అంటే ఆ చోట అక్షరాలేమిటో చదవలేకపోయారని అర్థం. అంటే అక్కడ సైన్ లేదని కాదు, ఆ ఆకు చిరిగిపోయింది. అదే జాతి డాల్ఫిన్‌కి ఇంకో కొత్త జీనోమ్ ఫైలు ఉంటే అందులో చూశాం. అక్కడ ఖాళీ లేదు, సైన్ చక్కగా ఉంది.

కనపడలేదు అన్నదీ లేదు అన్నదీ ఒకటి కాదని ఆ రోజు బోర్డు మీద రాశాను. ప్రతిలో ముందు పద్యం ఉండాలి, వెనక పద్యం ఉండాలి, రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి, సైన్ ఉన్న జంతువులో రెండుసార్లు వచ్చిన ఆ చిన్న ముక్క ఇక్కడ ఒక్కసారే ఉండాలి. అప్పుడే లేదు అని రాయాలి. మిగతా అన్నిటికీ ప్రశ్నార్థకం. ఈ నియమం పెట్టాక పాత పట్టికంతా మళ్లీ చూస్తే పదకొండు "లేదు"లు ప్రశ్నార్థకాలయ్యాయి. పిల్లలకి బాధ కలిగింది, నాకూ కలిగింది, కానీ పట్టిక నమ్మదగ్గదిగా మారింది.

ఆగస్టు 15

సెలవు. జెండా వందనం అయ్యాక బీచ్‌రోడ్డులో టిఫిన్ చేస్తూ పిల్లలకి రంగారావు గారి కథ చెప్పాను. ఏ. రంగారావు మన దేశపు భూగర్భ శాస్త్రవేత్త, జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర రాళ్లు సేకరించి, 1971లో ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టల జంతువుని వర్ణించారు. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన రాళ్లని ఆయన భార్య హాన్స్ థెవిస్సెన్ అనే పరిశోధకుడికి ఇచ్చారు. వాటిని శుభ్రం చేస్తుంటే ఒక పుర్రె పొరపాటున విరిగి లోపలి చెవి ఎముక బయటపడింది. తిమింగలాల్లో మాత్రమే ఉంటుందనుకున్న దళసరి ఎముక గోడ అందులో ఉంది. 2007లో ప్రచురించారు. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి, జింకపిల్ల లాంటి జంతువు చెవిలో తిమింగలం ఆనవాలు. అంతకు ముందు 2001లోనే పాకిస్తాన్‌లో దొరికిన పాత తిమింగలాల చీలమండ ఎముక జత గిట్టల జంతువుల దాని లాగే ఉందని తేలింది. రాళ్లు చూసినవాళ్లూ డీఎన్ఏ చూసినవాళ్లూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే ఇంటి ముందు ఆగారు.

ఆ రాళ్లు భద్రంగా ఉంచిన ఆవిడ గురించి గాజువాక అబ్బాయి చాలాసేపు మాట్లాడాడు.

ఆగస్టు 24

పందితో ఒక చిక్కు. ఒక చోట పందిలో కూడా దాదాపు అదే పొడుగు అదనపు ముక్క కనిపించింది. పొడుగు మాత్రమే చూసుంటే ఉంది అని రాసేసేవాళ్లం. వరుస విప్పి చూస్తే అది సీహెచ్ఆర్ కాదు, పందుల సొంత సైన్, పీఆర్ఈ-1. అతుక్కున్న చోటు కూడా 14 అక్షరాలు పక్కకి ఉంది, రెండు పక్కలా ఉన్న చిన్న ముక్క వేరు. పక్కపక్క పేజీల్లో ఇద్దరు వేర్వేరు లేఖకులు వేర్వేరు పద్యాలు చొప్పించినట్టు.

ఇంకో మాట కూడా ఈ సందర్భంలోనే చెప్పాను. కుటుంబం ఉందా లేదా అని మాత్రమే చూస్తే ఒక్కోసారి పూర్తిగా మోసపోతాం. బోవ్‌బీ అనే పొడుగు పునరావృతం ఆవులో బోలెడు ఉంది, కొన్ని పాముల్లోనూ బల్లుల్లోనూ ఉంది. ఆవూ పామూ దగ్గరి చుట్టాలని కాదు, అది ఒక జాతి నుంచి ఇంకో జాతికి అడ్డంగా దూకింది. అందుకే ఏ ముక్క ఉందన్నదాని కంటే ఏ చోట ఉందన్నదే సాక్ష్యం.

సెప్టెంబర్ 7

లెక్క ముగిసింది. మూడు ఇళ్ల నుంచీ వెతికినవాటిలో, రెండు పక్కలా శుభ్రంగా ఉండి, ఆ మూడింట్లో సరిగ్గా రెండింటిలో ఉండి మూడోదానిలో ఖాళీ చోటు కంటికి కనిపించినవి ఏడు. ఏడూ డాల్ఫిన్, నీటిగుర్రం కలిసి ఉన్నవే. డాల్ఫిన్, ఆవు కలిసి నీటిగుర్రాన్ని వదిలినవి లేవు. నీటిగుర్రం, ఆవు కలిసి డాల్ఫిన్‌ని వదిలినవీ లేవు.

ఏడు చాలా అని పిల్లలు అడిగారు. దీనికి పీటర్ వాడెల్, ఆయన సహచరులు 2001లో ఒక లెక్క చెప్పారు. మూడు జంతువులకి మూడే జతలు సాధ్యం. ఏ జతా నిజం కాకుండా మూడూ ఒకేసారి విడిపోయి ఉంటే ఒక్కో ప్రక్షిప్తం మూడింట్లో దేనికైనా సమానంగా పడాలి. ముందే అనుకున్న జతకే వరసగా మూడు పడి, ఎదురుగా ఒక్కటీ పడకపోవడానికి అవకాశం 27లో 1, అంటే 0.037. ఇది కాకతాళీయం కాదనడానికి శాస్త్రంలో మామూలుగా పెట్టుకునే 0.05 గీత కంటే కింద. మూడే చాలు, మా దగ్గర ఏడున్నాయి.

అన్ని చోట్లా ఇంత శుభ్రంగా రాదని కూడా చెప్పాను. జాతులు వెంటవెంటనే విడిపోతే, మూల జాతిలో కొందరిలో ఉండి కొందరిలో లేని ప్రక్షిప్తం వారసుల్లో ఎటు పడితే అటు మిగులుతుంది. పళ్లు లేని బలీన్ తిమింగలాల్లో ఒకాడా బృందానికి అలాంటి ఎదురుబొదురు సాక్ష్యాలు వచ్చాయి. మనకి మరీ దగ్గరిదైతే 2012లో గొరిల్లా జీనోమ్ చదివినప్పుడు, జీనోమ్‌లో 30 శాతం చోట్ల మనిషీ చింపాంజీ ఒకదానికొకటి ఉన్నదానికంటే ఆ రెండింట్లో ఒకటి గొరిల్లాకే దగ్గరగా ఉందని తేలింది. ఒక్క చోటు చూసి వంశవృక్షం గీయకూడదు.

సెప్టెంబర్ 14

స్క్రీన్ మీద చూసింది చేత్తో కూడా చూడాలని మొదటి నుంచీ నా పట్టుదల. ఒడ్డుకి కొట్టుకొచ్చిన డాల్ఫిన్ నుంచి చిన్న ముక్క తెస్తానని ఒక అబ్బాయి ఆశగా అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. 1972 వన్యప్రాణి చట్టం కింద డాల్ఫిన్‌కి పూర్తి రక్షణ ఉంది, చచ్చిపోయిందైనా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. మనకి మేక, పంది చాలు. మేక ఆవు తరఫున నిలబడుతుంది, నెమరువేసే జంతువే కాబట్టి.

పూర్ణా మార్కెట్‌లో మేక కార్జం, ఇంకో కొట్టులో పంది మాంసం కొన్నాం. కార్జంలో కణాలు దండిగా ఉంటాయి, డీఎన్ఏ బాగా వస్తుంది. చల్లటి ఆల్కహాల్ పోయగానే తెల్లటి పోగులు పైకి తేలితే పిల్లలు ఫోన్లు తీసి ఒకటే ఫొటోలు. డీఎన్ఏలో కావలసిన ఒక్క చోటునే లక్షల కాపీలు తీసే పీసీఆర్ మాత్రం స్నేహితురాలి ల్యాబ్‌లో, మా దగ్గర మెషిన్ లేదు. సైన్ ఆవులో ఉండి పందిలో లేని ఒక చోటుకి ప్రైమర్లు, అంటే ఆ చోటుకి రెండు పక్కలా అతుక్కుని కాపీ మొదలుపెట్టించే పొట్టి డీఎన్ఏ ముక్కలు, తెప్పించాం. అవి చెప్పిన తేదీకి తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చాయి.

ముక్కల్ని పొడుగు బట్టి గీతలుగా విడదీసే జెల్ మీద మేకకి 530 అక్షరాల దగ్గర ఒకే గీత, అనుకున్నట్టే. పందికి ఏమీ లేదు. "చూశారా మేడమ్, పందిలో లేదు!" అని గాజువాక అబ్బాయి గట్టిగా అరిచాడు. మిగతా ముగ్గురూ ఒకేసారి "చిరిగిన ఆకు" అన్నారు. నాకు చెప్పే అవసరమే రాలేదు. పందిలో సైన్ లేకపోతే గీత రాకపోవడం కాదు, పొట్టి గీత రావాలి. ఏ గీతా రాలేదంటే ప్రైమర్ అక్కడ అతుక్కోలేదనే.

సెప్టెంబర్ 28

ప్రైమర్లని ఇంట్రాన్ లోపల, అంటే జన్యువులో ప్రొటీన్‌కి అక్కర్లేని భాగంలో, పెట్టడం మా పొరపాటు. అక్కడ మేకకీ పందికీ అక్షరాలు బాగా మారిపోయాయి. రెండు పక్కలా ఉన్న ఎక్సాన్లలోకి జరిపాం, అవి ప్రొటీన్‌కి కావలసిన భాగాలు కాబట్టి అంతగా మారవు. ప్రైమర్లు అతికే ఉష్ణోగ్రత 58 డిగ్రీల నుంచి 54కి తగ్గించాం. రెండు శాతం అగరోజ్ జెల్, నలభై నిమిషాలు.

మేకకి 690 దగ్గర. పందికి 470 దగ్గర. రెండు గీతలూ స్పష్టంగా, మధ్యలో దాదాపు 220 అక్షరాల తేడా, మా సైన్ పొడుగు అంతే. నీళ్లు మాత్రమే పోసిన గొట్టంలో ఏ గీతా లేదు. పొడుగు కలిసింది కదా అని ఆగకుండా రెండు గీతలూ సీక్వెన్సింగ్‌కి పంపాం, ఆగస్టు 24 నాటి సంగతి ఎవరూ మర్చిపోలేదు.

భీమిలి అమ్మాయి జెల్ ఫొటో ప్రింటు తీయించుకుని ఇంటికి పట్టుకెళ్లింది. వాళ్ల నాన్నకి చెప్తే, పందికి లేని చోట మేకకి ఏదో ఉందన్నది సరే, మరి డాల్ఫిన్ గీత ఏదీ అని అడిగారట. అడగాల్సిన ప్రశ్నే. డాల్ఫిన్‌దీ నీటిగుర్రానిదీ మా దగ్గర స్క్రీన్ మీద మాత్రమే ఉన్నాయి. ఆయనకి చూపించడానికి ఆ ఏడు చోట్లలో ఒకటి ఐదు వరుసలుగా పెద్ద కాగితం మీద ప్రింటు తీస్తున్నాం, సైన్ పసుపు రంగులో, రెండు పక్కల చిన్న ముక్కలు ఎరుపులో. వచ్చే శనివారం అందరం భీమిలి వెళ్తున్నాం.